నూట ఎనభై గ్రాములు

ఫిబ్రవరి 18

మా ల్యాబులో కొత్తగా చేరిన తియుర్మా చేస్తున్న పరికరం ఇవాళ పూర్తయింది. సబ్బుబిళ్లంత ఉంది. మా డైరెక్టరు సుదిబ్యో సారు దాన్ని చొక్కా జేబులో వేసుకుని ల్యాబంతా తిరిగారు. "చూశారా, జేబులో పట్టేసింది" అని అందరికీ ఒక్కోసారి చూపించారు. నాకు రెండుసార్లు చూపించారు.

నేను చేసిన పెట్టె జేబులో పట్టదు. తొమ్మిది కిలోలు. పదకొండేళ్ల కింద మొదలుపెట్టినప్పుడు నలభై ఉండేది, ఇద్దరు మోసేవారు. ఇప్పుడు నేనొక్కదాన్నే మోస్తాను, కుడి భుజం నొప్పి కూడా నాదే. తిండిలో ఏ మందు కలిపినా ఆవిరి చేసి, వెంట్రుకంత సన్నటి గొట్టంలోంచి పంపి, దేనికది విడదీసి చూపిస్తుంది. ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. తియుర్మాది ఒక్క ఫార్మలిన్‌నే పట్టుకుంటుంది, శవాలు కుళ్లకుండా వాడే మందు. కాగితం ముక్క మీద చుక్క వేసి లోపల పెడితే మూడు నిమిషాల్లో పచ్చ లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. అంతే. పిల్లలాట.

నాకు అసూయ లేదు. ఈ మాట రాసి పెట్టుకుంటున్నాను, రేపు నాకే అనుమానం రాకుండా.

ఫిబ్రవరి 19

అందరూ భోజనానికి వెళ్లినప్పుడు దాన్ని తూచాను. తియుర్మా తన కాగితంలో నూట ఎనభై గ్రాములని రాసింది. నూట ఎనభయ్యే.

ఫిబ్రవరి 24

పరికరం పూర్తయినందుకు ల్యాబులో మా జావా పద్ధతిలో తుంపెంగ్ విందు పెట్టారు. పసుపన్నం గోపురం, చుట్టూ కోడికూర, గుడ్లు, వేయించిన సోయా టెంపె. సారు దువా చదివి, గోపురం కొస కోసి ఆకులో పెట్టుకుని నిలబడ్డారు. కొస అందరిలోకీ గౌరవం ఉన్నవాళ్లకి ఇస్తారు. నేను తల మీది ముసుగు సర్దుకున్నాను. ఎందుకు సర్దుకున్నానో తెలియదు, ఫ్యాను గాలికి కాబోలు.

ఆయన నన్ను దాటుకుని తియుర్మా దగ్గరికి వెళ్లారు.

ఆ పిల్ల వేరే దీవిలోని టోబా సరస్సు వైపు నుంచి వచ్చింది, బతాక్ తెగ పిల్ల. ఇరవై ఎనిమిదేళ్లు. మా జావా మర్యాదలు ఒంటబట్టలేదు. కొస తీసుకుని, సగం తిని, మిగతా సగం తెచ్చి నా పళ్లెంలో పడేసింది.

"అక్కా, ఇది కూడా మీరే తినండి. నాకింత పట్టదు" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సగాన్ని పళ్లెం అంచుకి జరిపాను.

ఇంటికొచ్చి వహోనోకి చెప్పాను. నా మొగుడు మంచివాడే, ఎప్పుడు ఏం మాట్లాడకూడదో తెలియదు, అంతే.

"సగం నీకు ఇచ్చిందంటే నీ మీద గౌరవమే కదే" అన్నాడు.

"ఎంగిలి ఇచ్చింది."

"కొసలో పైభాగం తిన్నదా, కిందిభాగమా?"

"నాకేం తెలుసు?"

"పైభాగం తింటే ఎంగిలి. కిందది తింటే పైది నీదే" అని, తన జోకుకి తనే నవ్వుకుంటూ టీవీ పెట్టుకున్నాడు. పిట్ట కొంచెం కూత ఘనం అని ఆ పరికరాన్ని మెచ్చుకున్నాడు కూడా. చూడకుండానే.

ఫిబ్రవరి 27

మీటింగు. ఉపవాసాల నెలలో బజారులో తిండి తనిఖీలు ఎటూ ఉంటాయి, ఈసారి నగరపాలక వాళ్లు తియుర్మా పరికరంతో చేస్తారట. మార్చి 12న మొదటి రోజు. టీవీ వాళ్లు వస్తారు. నా పెట్టె గురించి ఒక్క మాట: "ఈ సంవత్సరం దానికి కొత్త భాగాలు కొనలేం, నికెన్ గారూ, అర్థం చేసుకోండి." అర్థం చేసుకున్నాను.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అన్నారు సారు చివర్లో.

నేను చెప్పాను. ఇది గుర్తుపెట్టుకోవాలి, నేను చెప్పాను. "చేపల్లో రకరకాలు ఉంటాయి కదండీ, ఒకసారి చూసుకుంటే మంచిదేమో" అన్నాను. మా వాళ్లు పెద్దల ముందు వద్దు అనరు, చూసుకుంటే మంచిదేమో అంటారు. తెలిసినవాడికి అది చాలు. సారు సోలో ఊరివారు, మావాళ్లే, ఆయనకి తెలియాలి.

"తప్పకుండా, చూసుకుందాం" అన్నారాయన. ఫైలు మూసేశారు.

తరవాత మెట్ల మీద తియుర్మా వెంటబడింది. ఏదో అడిగింది. ఏదో చెప్పాను.

మార్చి 3

తియుర్మా క్రిస్టియను, ఉపవాసం లేదు. అయినా మా ముందు మంచినీళ్లు తాగదు. రసాయనాల బీరువా వెనక్కి వెళ్లి, గోడవైపు తిరిగి తాగుతుంది. అందరూ "ఎంత మర్యాదస్తురాలు" అంటున్నారు. మొన్నటిదాకా మర్యాద తెలియదన్నది వీళ్లే.

మార్చి 5

రేవు నుంచి చేపలు కొనుక్కొచ్చాను. ఆ సబ్బుబిళ్ల పరికరం తియుర్మా బల్ల మీదే ఉంది, తాళం లేదు. ఎవరినీ నమ్మకపోవడం ఆ పిల్లకి రాదు.

కానాగంత, పచ్చ. రొయ్య, పచ్చ. రెండు రోజులు ఐసులో పెట్టిన బెలోసో, ఎర్ర.

బల్లి మూతితో ఉంటుంది బెలోసో. చవక చేప, ముళ్లెక్కువ, అందుకని ముక్కలుగా ఎవరూ తినరు, రుబ్బి ఉండలు చేస్తారు. దాని ఒంట్లో ఉన్న గుణమేమో, చచ్చాక దానంతట అదే ఫార్మలిన్ పుట్టిస్తుంది. ఎవరూ పోయనక్కర్లేదు. పంతొమ్మిదేళ్ల కింద నా థీసిస్ అంతా దాని గురించే. మా ఊరు జువానా రేవులో అమ్మ చేపలు ఏరేది, థీసిస్‌కి చేపలు తనే పంపేది.

ఫలితాలు ల్యాబు రిజిస్టరులో రాయలేదు. రిజిస్టరు తియుర్మా బల్ల మీద ఉంది, ఆమె వస్తువులు ముట్టుకోవడం బాగుండదు.

మార్చి 6

రిజిస్టరులో రేపు రాస్తాను.

మార్చి 11

రేపే తనిఖీ. రాయలేదు. మీటింగులో చెప్పాను కదా.

మార్చి 12

జరిగినదాన్ని జరిగినట్టు రాస్తాను.

పొద్దున సముద్రపు పోటు నీళ్లు బజారు లోపలికి వచ్చాయి, మడమల దాకా. ఇద్దరు నగరపాలక ఉద్యోగులు, ఒక టీవీ అమ్మాయి, సారు, తియుర్మా, నేను. నన్ను ఎందుకు రమ్మన్నారో తెలియదు. కాగితపు ముక్కల డబ్బా పట్టుకోవడానికి కాబోలు. అదే పట్టుకున్నాను.

మొదట టోఫు దుకాణం. మూడు నిమిషాలు. ఎర్ర. దుకాణదారు వాదించను కూడా లేదు, బల్ల కిందనుంచి సీసా తనే తీసి ఇచ్చి, "మా బావమరిది చెప్పాడు సార్, నాలుగు రోజులు నిలవుంటుందని" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సారు తియుర్మా భుజం తట్టారు. ఆ క్షణం నేను ఆ పరికరం నీళ్లలో పడిపోవాలని కోరుకున్నాను. నిజంగానే కోరుకున్నాను, అది ఆమె చేతిలో ఎక్కడుందో, ఎంత వదులుగా పట్టుకుందో చూశాను.

తరవాత నూడుల్స్, పచ్చ. కోడి, పచ్చ. ఎండుచేప, పచ్చ. తరవాత జుమిరా చేప ఉండలు.

జుమిరమ్మ దగ్గర పన్నెండేళ్లుగా కొంటున్నాను. అరవై దాటాయి. మొగుడు పడవ మీద పోయాక ఒక్కతే ఆ బండ మీద చేప రుబ్బుతుంది. ఏ చేప అని నేనెప్పుడూ అడగలేదు. చేప ఉండలు దేనితో చేస్తారో నాకు తెలియదని ఇక్కడ కూడా అబద్ధమాడలేను, తెలుసు.

"చూడండి, చూడండి, నాకేం భయం" అని ఆవిడే ఒక ఉండ చిదిపి ఇచ్చింది.

ఎర్ర.

నాకు సంతోషం కలిగింది. కడుపులో చల్లగా, ఉపవాసం విడిచినప్పుడు మొదటి గుక్కలా. ఇదిగో, నీ సబ్బుబిళ్ల తప్పింది, ఇదిగో, అనుకున్నాను. తరవాతే జుమిరమ్మ మొహం చూశాను. ముందు ఏది, తరవాత ఏది అన్నది నాకు స్పష్టంగా గుర్తుంది.

"మళ్లీ చూడండి బాబూ" అంది ఆవిడ. మళ్లీ చూశారు. ఎర్ర.

"ఏం కలిపావమ్మా?" అన్నాడు ఉద్యోగి.

"ఉప్పు, వెల్లుల్లి, కర్రపెండలం పిండి. ఇంకేం కలుపుతాను? ఆ మందు పేరు కూడా నాకు నోరు తిరగదు."

"టోఫు అతను ఒప్పుకున్నాడు. నువ్వూ ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది."

"చెయ్యనిది ఒప్పుకుంటే దేవుడికేం చెప్పుకోను?" అని, నా వైపు తిరిగింది. "తల్లీ, నువ్వు ఆ చదువే కదా చదివావు. చెప్పవే వీళ్లకి."

టీవీ అమ్మాయి కెమెరా నా మీదకి తిప్పించింది. సారు చూస్తున్నారు. తియుర్మా కూడా చూస్తోంది, ఏదో గుర్తొచ్చినట్టు నుదురు ముడిచి. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే అందరూ అడిగే మరుసటి మాట, మరి ముందే ఎందుకు చెప్పలేదు.

"ఓపిక పట్టండి జుమిరమ్మా. చూద్దాం" అన్నాను.

బుట్టెడు ఉండల మీదా ఫినాయిలు పోశారు. దుకాణానికి ఎర్ర కాగితం అంటించారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టయింది. పడేది ఎక్కడో మంగళానికి తెలియదు, నాకు తెలుసు.

మార్చి 13

జుమిరమ్మ వీడియో ఊరంతా తిరుగుతోంది. ఎవరో కింద "శవాల అవ్వ" అని రాశారు.

వహోనో సాయంత్రం ఖర్జూరం నోట్లో పెట్టుకుంటూ, "ఇన్నాళ్లూ మనం పీనుగుల మందు తిన్నామన్నమాట. ముసల్ది ఎంత నంగనాచి" అన్నాడు.

"కాకపోవచ్చు" అన్నాను.

"టీవీలో చూపించారుగా?"

"చేపను బట్టి ఉంటుంది" అన్నాను. ఆయన వినలేదు. ఆయనకే చెప్పలేనిదాన్ని ఇంకెవరికి చెబుతాను. ఈ ఉపవాసాల నెలలో పండగ దాకా సాగే అమ్మకాలే ఆవిడకి ఏడాది గింజలు. ఆ మాట ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది.

మార్చి 14

తెల్లారేసరికి దారి దొరికింది. ఎందుకు తోచలేదో ముందు.

బెలోసో తనంతట తను ఫార్మలిన్ పుట్టించినప్పుడు ఇంకో పదార్థం కూడా దానితో పుడుతుంది, సరిగ్గా అంతే కొలతలో. కవలల్లాగా. సీసాలోంచి పోసిన ఫార్మలిన్‌కి కవల ఉండదు. సబ్బుబిళ్లకి ఫార్మలిన్ ఒక్కటే కనిపిస్తుంది. నా పెట్టెకి ఇద్దరూ కనిపిస్తారు.

సారు దగ్గరికి వెళ్లి చెప్పాను. కుర్చీలోంచి లేచారు. "నికెన్ గారూ, ఈ మాట మొన్న తట్టి ఉంటే!" అన్నారు. "మొన్న తట్టలేదండీ" అన్నాను.

పెట్టె మోసుకుని నేను, సారు, తియుర్మా జుమిరమ్మ ఇంటికి వెళ్లాం. ఇంట్లో కూడా పోటు నీళ్లే, పెట్టెను మంచం మీద పెట్టాను. ఆవిడ మా కళ్లముందే రెండు రోజులు ఐసులో ఉన్న రేవు బెలోసో రుబ్బి, ఉండ చేసి ఇచ్చింది. ఇరవై అయిదు నిమిషాలు అందరం పెట్టె చుట్టూ నిలబడ్డాం. తెర మీది గీతలో రెండు శిఖరాలు లేచాయి, పక్కపక్కన, ఒకే ఎత్తు.

తియుర్మా వంగి చూసి, "అబ్బ, ఎంత అందంగా విడదీసింది అక్కా" అంది. మనసులోంచే అంది. అదే నాకు భరించలేకుండా ఉంది.

జుమిరమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలుసే తల్లీ, నువ్వు ఊరుకోవని" అంది.

మార్చి 15

సారు ఫోను: పద్దెనిమిదిన బజారులోనే ప్రకటన. ఎర్ర కాగితం తీసేస్తారు. నా పెట్టెకి కొత్త భాగాలు వస్తాయి. తియుర్మా పని పండగ దాకా ఆపేశారు.

హాయిగా నిద్ర పట్టాలి ఇవాళ.

మార్చి 16

తియుర్మా నా బల్ల దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంది. చేతిలో నోటుబుక్కు. కోపంగా లేదు, కోపంగా ఉంటే బాగుండేది.

ఇప్పుడు మెట్ల మీద సంగతి రాయాలి. ఇరవై ఏడున రాయలేదు.

ఆ రోజు ఆమె అడిగింది ఇది: "అక్కా, నేను చేరిన వారంలోనే మీ థీసిస్ చదివాను. బెలోసో గురించి. బజారులో దానివల్ల నా పరికరానికి చిక్కొస్తుందంటారా? వస్తుందంటే తేదీ మార్చమని సారుని అడుగుతాను." 

నేను చెప్పింది ఇది: "అంత పెద్ద విషయమేం కాదులే. చూసుకుంటే సరిపోతుంది."

ఇవాళ ఆమె అదే మాట నోటుబుక్కులోంచి చదివి వినిపించింది. రాసిపెట్టుకుంది.

"నేను దీన్ని, చిక్కు రాదు అని అర్థం చేసుకున్నాను అక్కా. సారు అడిగితే ఎవరినీ సంప్రదించలేదని చెప్పాను, మధ్యలో మిమ్మల్నెందుకు లాగడం అని. కానీ నాకు నేర్చుకోవాలనుంది. మీ జావా వాళ్లు మాటని తిప్పి చెబుతారంటారు కదా. మా ఊళ్లో అయితే గోడ పగిలేలా చెబుతారు. ఆ రోజు మీరన్నది, మీ పద్ధతిలో, జాగ్రత్త అని చెప్పడమేనా?"

కళ్లలోకి చూస్తూ అడిగింది. బడిపిల్ల లెక్క అడిగినట్టు.

"అవును" అన్నాను. "మా వాళ్లలో అది జాగ్రత్త చెప్పడమే."

"అయితే తప్పు నాదే" అని నోటుబుక్కులో రాసుకుంది. "థాంక్స్ అక్కా. ఇంకెవరూ నాకు ఇంత విడమర్చి చెప్పలేదు."

మా అమ్మ జువానా దాటి ఎరగదు, మర్యాద తప్పి ఒక్క మాట అనలేదు. ఆ మెట్ల మీద మాట అమ్మ విన్నా, చిక్కు రాదనే అనుకునేది.

మార్చి 17

ఏమీ లేదు.

మార్చి 18

బజారులో మైకు పెట్టారు. నీళ్లు తీసేశాయి. నగరపాలక ఉద్యోగి ఎర్ర కాగితం చించాడు. ఫినాయిలు పోసింది కూడా అతనే, ఇవాళ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. సారు నా పెట్టెను బల్ల మీద పెట్టించి, కవలల కథ చెప్పారు. జనానికి నచ్చింది. "అయితే చేపే మందు పెట్టుకుందా" అని ఎవరో నవ్వారు. నా పేరు చెప్పినప్పుడు చప్పట్లు మోగాయి. జుమిరమ్మ నా పక్కనే కొత్త పూలగుడ్డ గౌను వేసుకుని నిలబడింది, నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని. ఇంతకంటే ఏం కావాలి నాకు. పదకొండేళ్లుగా ఇదే కదా కోరుకున్నాను.

తియుర్మా మైకు అడిగి తీసుకుంది. సారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆమెకి ఊపులు అర్థం కావు.

"నా పేరు తియుర్మా. ఆ ఎర్ర లైటు పరికరం చేసింది నేను. ఈ పెద్దావిడకి జరిగిన అన్యాయానికి కారణం నేనే. నన్ను క్షమించమని అడుగుతున్నాను."

ఎవరో "నీ డబ్బా సముద్రంలో పారెయ్" అని అరిచారు. ఇంకొకడు "బతాక్ పిల్లకి జావా చేపల సంగతేం తెలుసు" అన్నాడు. నవ్వులు. ఆమె మొహం ఎర్రబడింది, మైకు మాత్రం వదల్లేదు.

"ఇంకొక్క మాట. ఈ చేప సంగతి మా ల్యాబులో ఎవరికీ తెలియదని కాగితాల్లో రాశారు. అది నిజం కాదు. నికెన్ అక్కకి తెలుసు. ఆవిడ ఈ చేప మీదే చదువుకుంది. ఫిబ్రవరిలోనే నన్ను హెచ్చరించింది. ఆవిడ చెప్పిన పద్ధతి నాకు అర్థం కాలేదు. ఆ ఘనత ఆవిడకి దక్కాలి."

చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. సారు నా వైపు చూసి గర్వంగా తల ఊపారు. టీవీ అమ్మాయి మా ఇద్దరినీ కలిపి ఫొటో తియ్యాలని, దగ్గరికి జరగమని సైగ చేసింది.

జుమిరమ్మ జరగలేదు. చప్పట్లు ఆగేదాకా ఆలోచిస్తూ ఉంది. ఎసట్లో బియ్యం పోశామా లేదా అని గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా. తరవాత నా చెయ్యి వదిలేసింది. విసురుగా కాదు, చాలా మర్యాదగా, ఒక్కొక్క వేలే.

"ఫిబ్రవరిలోనా?" అంది మెల్లగా, నాకొక్కదానికే వినిపించేలా.

నేను కెమెరా వైపు చూశాను.

"వాళ్లు ఫినాయిలు పోసిన రోజు మీరు ఇక్కడే ఉన్నారు కదండీ" అంది. "నా పక్కనే."

పన్నెండేళ్లలో ఆవిడ నన్ను మీరు అనడం ఇదే మొదటిసారి.